కొబ్బరి చెట్ల కింద క్రిస్మస్ (కార్ నికోబార్ దీవి గురించి తెలుసుకుందాం)



డిసెంబరు నెల వచ్చింది. క్రిస్మస్ కార్డుల మీద ఎప్పుడు చూసినా మంచు, మంచులో చెట్టు, ఉన్ని టోపీ పెట్టుకున్న తాత ఉంటారు. మరి మంచే పడని చోట ఈ పండుగ ఎలా జరుగుతుంది? మన దేశంలోనే అలాంటి దీవి ఒకటి ఉంది. అక్కడివాళ్ళూ మనలాగే ఆదివాసులు. అందుకే ఈ నెల గోడపత్రికకి ఈ పాఠం తీసుకున్నాను. నేను అక్కడికి వెళ్ళలేదు. లైబ్రరీ పుస్తకాలు చదివి, సోషల్ మేడమ్ గారిని అడిగి రాస్తున్నాను.

ఎక్కడ ఉంది?

వరండాలో ఉన్న భారతదేశ పటం చూడండి. కుడిపక్క కింద బంగాళాఖాతంలో చుక్కలు చుక్కలుగా దీవులుంటాయి. పై గుంపు అండమాన్, కింది గుంపు నికోబార్. నికోబార్ గుంపులో అన్నిటికంటే ఉత్తరాన ఉన్నదే కార్ నికోబార్. విస్తీర్ణం సుమారు 127 చదరపు కిలోమీటర్లు. మనకున్నట్టు కొండలు లేవు, నేలంతా చదును. ఒడ్డు పొడుగునా కొబ్బరి చెట్లు. విశాఖపట్నంలో ఓడ ఎక్కి పోర్ట్ బ్లెయిర్ వెళ్ళాలి. ఆ ఊరికి 2024లో శ్రీ విజయపురం అని పేరు పెట్టారు. అక్కడ ఇంకో ఓడ ఎక్కాలి. అయితే ఎవరు పడితే వాళ్ళు వెళ్ళకూడదు, అనుమతి కావాలి. ఆదివాసుల రక్షణ కోసం 1956లో అక్కడ ఒక రెగ్యులేషన్ వచ్చింది. మన భూములకి 1/70 చట్టం ఉన్నట్టే అనుకోండి.

అక్కడ చలి ఎందుకు లేదు?

కర్కటరేఖ 23½ డిగ్రీల దగ్గర ఉందని చదువుకున్నాం. మన లంబసింగి, కార్ నికోబార్ రెండూ దానికి కిందే ఉన్నాయి. అంటే రెండూ ఉష్ణమండలమే. మరి డిసెంబరులో మనం పొయ్యి చుట్టూ ముడుచుకుని కూర్చుంటాం, వాళ్ళు పల్చటి బట్టలతో తిరుగుతారు. ఎందుకు?

1. ఎత్తు: లంబసింగి సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తులో ఉంది. పైకి వెళ్ళేకొద్దీ వేడి తగ్గుతుంది. ఆ దీవి సముద్రం పక్కనే ఉంది.
2. సముద్రం: పొయ్యి మీంచి దించిన పెనం తొందరగా చల్లారిపోతుంది. నీళ్ళ డేగిశా నిదానంగా చల్లారుతుంది. దీవి చుట్టూ ఉన్న సముద్రం ఆ డేగిశా లాంటిది.
3. భూమధ్యరేఖ: కార్ నికోబార్ సుమారు 9 డిగ్రీల దగ్గర, మనకంటే భూమధ్యరేఖకి దగ్గరగా ఉంది.

అందుకని అక్కడ డిసెంబరులో కూడా మామూలుగా 23 నుంచి 31 డిగ్రీల మధ్యే ఉంటుంది. అప్పుడప్పుడు వానలు కూడా పడతాయి.

పండుగ ఎలా చేస్తారు?

నికోబారీలలో ఎక్కువమంది క్రైస్తవులు. వాళ్ళ పెద్ద కుటుంబాన్ని తుహేత్ అంటారు. తాతలు, పెదనాన్నలు, చిన్నాన్నలు, పిల్లలు అందరూ కలిసి ఒక తుహేత్. భూమి, కొబ్బరి చెట్లు, పందులు తుహేత్ అందరివీ. పండుగకి కొబ్బరి తిని పెరిగిన పందిని కోస్తారు. మన మొగలి జాతికే చెందిన ఒక చెట్టు పండుని ఉడికించి ముద్ద చేసుకుని తింటారు. చర్చిలో నికోబారీ భాషలో పాటలు పాడతారు.

ఆ భాష పుస్తకాల్లోకి రావడానికి జాన్ రిచర్డ్‌సన్ గారు చాలా కష్టపడ్డారు. ఆయన ఆ దీవి మనిషే. వేదప్పన్ సోలమన్ అనే తమిళాయన అక్కడ బడి పెడితే, రిచర్డ్‌సన్ గారు అందులో చదువుకున్నారు. తర్వాత బర్మా వెళ్ళి చదివి, తిరిగొచ్చి తన ఊరి పిల్లలకే టీచర్ అయ్యారు. బైబిల్ కొత్త నిబంధనని తన భాషలోకి తెచ్చారు. బిషప్ అయ్యారు. 1952లో మొదటి లోక్‌సభలో సభ్యులయ్యారు.

నాకు ఇది చదివినప్పుడు చాలా సంతోషమేసింది. మా ఇంట్లో బడికొచ్చిన మొదటి మనిషిని నేనే. మా అమ్మ, అయ్య వేలిముద్ర వేస్తారు. ఇంట్లో మాది కువి మాట. ఇక్కడ హాస్టల్లో ఎవరైనా నవ్వుతారేమోనని కొందరు చెల్లెళ్ళు అసలు నోరు తెరవరు. మన మాటలో కూడా పాటలున్నాయి, లెక్కలున్నాయి, ఓషధుల పేర్లున్నాయి. తెలుగు బాగా నేర్చుకుందాం, కానీ దాని కోసం మన మాట వదిలెయ్యక్కర్లేదు.

క్రిస్మస్ మర్నాడు ఏం జరిగింది?

2004 డిసెంబరు 26, ఆదివారం. పొద్దున్న ఆరున్నర కావస్తుండగా సుమత్రా దగ్గర సముద్రం అడుగున భూకంపం వచ్చింది. తీవ్రత 9.1. సముద్రం అడుగు పైకి లేవడంతో నీళ్ళు తోసుకొచ్చాయి. దీన్నే సునామీ అంటారు. లోతైన చోట అల ఎత్తు తక్కువ, వేగం విమానమంత. ఒడ్డుకి వచ్చేసరికి వేగం తగ్గి ఎత్తు పెరుగుతుంది. కార్ నికోబార్‌లో ఊళ్ళన్నీ దాదాపు ఒడ్డునే ఉండేవి. ఎక్కడానికి కొండ లేదు. పండుగ చేసుకున్న ఇళ్ళు, చర్చిలు కొట్టుకుపోయాయి. నికోబార్ జిల్లా జనాభా 2001లో 42,068, 2011లో 36,842. ఈ రెండు అంకెలు పక్కపక్కన రాసుకుంటే నాకు గొంతు పట్టేసింది. మన రాష్ట్ర తీరంలో కూడా ఆ రోజు నూరుమందికి పైగా చనిపోయారు.

అదే రోజు లిటిల్ అండమాన్ దీవిలో ఓంగే ఆదివాసులు భూమి ఊగగానే, సముద్రం తీరు చూసి, ఎత్తైన చోటికి వెళ్ళిపోయి బతికారు. పెద్దవాళ్ళ దగ్గర నేర్చుకున్న తెలివే వాళ్ళని కాపాడింది.

తర్వాత నికోబారీలు ఒడ్డు వదిలి లోపల ఊళ్ళు కట్టుకున్నారు. ఇప్పుడు అక్కడ 25న పండుగ, 26న పోయినవాళ్ళని తలుచుకోవడం.

గుర్తుపెట్టుకోండి

విహారయాత్రకి విశాఖ బీచ్‌కి వెళ్ళినప్పుడు ఇవి మర్చిపోకండి. భూమి గట్టిగా ఎక్కువసేపు ఊగినా, సముద్రం ఒక్కసారి వెనక్కి పోయినా, పెద్ద హోరు వినిపించినా, చేపలు ఏరడానికి ఆగకండి. ఎత్తుకి పరుగెత్తండి. మొదటి అల వెళ్ళిపోయిందని కిందికి రాకండి, రెండోది ఇంకా పెద్దది రావచ్చు.

చెప్పుకోండి చూద్దాం

1. తుహేత్ అంటే ఏమిటి?
2. లంబసింగిలో చలి ఎక్కువ, కార్ నికోబార్‌లో తక్కువ. మూడు కారణాలు చెప్పండి.
3. ఓంగేలు ఎలా బతికారు?

జవాబులు మీ మీ ఇంటి మాటలో కూడా రాసి ఇవ్వండి. పక్క గోడ మీద అంటిద్దాం.

ఇట్లు,
తొమ్మిదో తరగతి విద్యార్థిని