నీడపట్టు తోటను గూర్చి

పామర్రు

చిరంజీవి మనుమరాలికి తాతయ్య ఆశీస్సులు.

నీ జాబు అందినది. గుడివాడలోని మీ క్రొత్త ఇంటి పెరటిలో మామిడిచెట్టు క్రిందను, ఉత్తరపు గోడవారను నీడ యధికముగా నున్నదనియు, ఏదో సచిత్ర గ్రంథమున చూచిన ఆస్టిల్బీ యను మొక్కను అచ్చట పెంచుటకు కోరిక కలిగినదనియు వ్రాసితివి. ఆ మొక్క యందము కాదనరానిది. చైనా, జపాను దేశముల కొండలోయలలో తేమగల చెట్లనీడను పెరుగు భేదములను తెచ్చి, జర్మనీలోని రాన్స్‌డార్ఫ్‌లో గేయార్గ్ ఆరెండ్స్ అను నాతడు సంకరపరచి, తెలుపు, గులాబి, ఎరుపు వన్నెల ఈకలవంటి పూగుత్తులుగల రకముల నెన్నింటినో సృష్టించెను; 1933లో వెలువడిన ‘ఫనాల్’ అను ముదురెరుపు రకము వానిలో మిక్కిలి పేరుపడినది. అయితే దానికి నీడయొక్కటియే చాలదు. వేళ్లచుట్టు నేల ఎల్లప్పుడు చల్లగా, తడిగా నుండవలయును. తడి యారెనా ఆకుల యంచులు మాడిపోవును. శీతకాలమున పైభాగమంతయు వాడిపోగా, దుంప చలిలో విశ్రమించి వసంతమున మరల చిగుర్చుట దాని జీవనధర్మము. మన కృష్ణా డెల్టాలో ఆ చలి యెక్కడిది? వైశాఖపు వడగాడ్పులకు దానిని బలిచేయుటకై డబ్బు వెచ్చింపవలదు.

ఐనను దానివలన నేర్వదగిన సంగతి యొకటి కలదు: తనకు సరిపడని ఋతువును అది భూమిలో దాగి గడపును. మనకు సరిపడనిది మంచు కాదు, ఎండ. ఆ యెండకాలమును నేలలో నిద్రించి గడపగల దుంపజాతులు మనకు సమృద్ధిగా నున్నవి. పసుపు, మామిడియల్లము, కంద మున్నగునవి మాఘమునాటికి ఆకు పండి ఎండి, తొలకరికి తిరిగి మొలకెత్తును. పూవుకొరకైనచో కస్తూరి పసుపు నాటుము. ఆకు విప్పకమునుపే నేలనుండి గులాబివన్నె కంకి వెలువడును. ఆస్టిల్బీని తలపునకు తెచ్చుటకు అది చాలునని నా యభిప్రాయము.

ఇక నీడ సంగతి. నీడ యంతయు ఒక్క తీరున నుండదు. ఇది తెలియకయే తోటలు పాడగుచున్నవి. నీ ఉత్తరపు గోడనే చూడుము. శీతలదేశముల గ్రంథములు అచ్చట మధ్యాహ్నపుటెండ సోకదని చెప్పును. అది వారికి నిజము. మనము భూమధ్యరేఖకు ఉత్తరముగా పదునారు డిగ్రీల చిల్లర దూరముననే యున్నాము కావున, మే మొదటివారము మొదలు ఆగస్టు మొదటివారము వరకు మధ్యాహ్న సూర్యుడు మన నడినెత్తిని దాటి ఉత్తరముననే యుండును. అనగా రోహిణికార్తె యెండ సరిగా నీవు నీడ యనుకొన్న చోటనే పడును. మామిడి నీడ ఏడాది పొడవునను చిక్కనిది, పైగా దాని వేళ్లు తేమను పీల్చును. కొబ్బరినీడ వేరు: ఎనిమిదేండ్లు మొదలు ఇరువదియైదేండ్ల ప్రాయమువరకు చెట్ల మట్టలు గుబురుగా క్రమ్మును, ఆపైన చెట్లెత్తై జల్లెడవలె వెలుగును జారవిడుచును. దాని వేళ్లలో అధికభాగము మొదలునుండి ఆరేడు అడుగులలోపలనే పనిచేయును గనుక, ఆ వలయమును వదలి మొక్కలు పెట్టవలెను.

మన రేగడినేల వానకు ఉబ్బి, ఎండకు బీటలువారును; ఆశ్వయుజ కార్తికములలో తుపాను వానలకు నీరు నిలిచినచో దుంపలు కుళ్లును. కావున మడిని అడుగెత్తున కట్టి, మాగిన పశువుల ఎరువును, వరి ఊకను కలుపుము. వేసవిలో కాలువలు కట్టివేయుదురు. బందరు వైపున, దివిసీమలోను, బావినీరు పెక్కుచోట్ల ఉప్పగా నుండును. నీ బావినీరు నోట పోసికొని చూచి, ఉప్పనైనచో మొక్కలకు పోయక, చెరువునీటినే పొదుపుగా వాడుము. మడిపై ఎండుగడ్డిని, అరటియాకులను కప్పినచో ఆ కొంచెము నీరే నిలిచియుండును.

ఈ దుంపమొక్కల మధ్య కనకాంబరము తప్పక పెట్టుము. పలుచని నీడలో అది పెక్కునెలలు పూయును. కోసిన పూవు త్వరగా వాడదు, జడలో ఒకటి రెండు దినములు నిలుచును. నాటు రకపు కాయ ఎండినపిదప తడి తగిలినంతనే చిట్లి విత్తులను దూరముగా విసరును గనుక, వానకు ముందే ఏరుకొనవలెను. ఢిల్లీ కనకాంబరము విత్తు పట్టదు. దానిని కొమ్మల చేతనే పెంచవలెను. కనకాంబరమునకు వేరుముడి నులిపురుగు పెద్ద శత్రువు: ఆకులు పసుపెక్కి మొక్క గిడసబారినచో ఒకదానిని పెకలించి చూడుము, వేళ్లపై బుడిపెలు కనబడును. అట్టి మడిలో తిరిగి కనకాంబరమే పెట్టక, ఒక కారు బంతి వేయుట మేలు.

తొలకరికి ఇంకను వ్యవధి యున్నది. ఈ లోగా ఉదయము, మధ్యాహ్నము, సాయంకాలము ఎండ ఎచ్చటెచ్చట ఎంతసేపు పడుచున్నదో కాగితముపై గుర్తించి, ఆ పటమును, బావినీటి రుచిని గూర్చిన మాటను నాకు పంపుము. కస్తూరి పసుపు దుంపలు ఇచ్చటనుండి నేనే పంపెదను.

ఆశీర్వదించు,
తాతయ్య