సంఘం కంప్యూటరు ఆన్ కాకపోతే ఏమి చెయ్యాలి?

(సభ్యుల శిక్షణ పాఠం)

పాల సంఘంలో కంప్యూటరు చేసే పని ఏమిటో సభ్యులందరికీ తెలిసినదే. కాటా మీద తూకం, పరీక్ష యంత్రంలో వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్., ధరల పట్టిక ప్రకారం లీటరు ధర, ఇవన్నీ ఆ పెట్టెలోకి చేరి చీటీగా బయటికి వస్తాయి. పక్షం రోజుల బిల్లు కూడా దాని నుంచే తయారవుతుంది. అందుచేత ఒక తెల్లవారుజామున ఆ పెట్టె ఆన్ కాకపోతే, క్యాన్లు పట్టుకుని వరుసలో నిలబడిన వారందరికీ ఒకటే అనుమానం వస్తుంది: మన లెక్క పోయిందా?

ఈ పాఠంలో మేము ముఖ్యంగా చెప్పదలచినది ఇదే. యంత్రం ఆన్ కాకపోవడం వేరు, లెక్క పోవడం వేరు. లెక్క హార్డ్ డిస్కు అనే చిన్న డబ్బాలో వుంటుంది. కరెంటు తీగ చెడినా, యు.పి.ఎస్. చెడినా, ర్యామ్ కదిలినా పెట్టె ఆన్ కాదు. కాని డిస్కులోని లెక్క అలాగే వుంటుంది. తొందరపడి చేయించే మరమ్మతులో మాత్రం అది పోవచ్చు.

వరుస తప్పరాదు

హైదరాబాదులో అమీర్‌పేట పేరు చెప్పగానే మైత్రీవనం చుట్టూ వున్న కంప్యూటరు శిక్షణ కేంద్రాలు గుర్తుకు వస్తాయి. మన సభ్యుల పిల్లలు కూడా అక్కడి హాస్టళ్ళలో వుండి చదువుకున్నవారే. సాఫ్ట్‌వేరుతో పాటు హార్డ్‌వేరు, అంటే యంత్రం విప్పి బాగుచేసే పని కూడా అక్కడ నేర్పుతారు. ఆ పనికి మూలసూత్రాలు రెండు. ఒకటి, బయటి నుంచి లోపలికి పోవాలి. రెండు, ఒకసారి ఒక్క మార్పే చెయ్యాలి. రెండు వస్తువులు ఒకేసారి మారిస్తే చెడినది ఏదో తెలియదు, అక్కరలేని దానికి డబ్బు పెట్టవలసి వస్తుంది.

ఇది మన టెస్టర్లకు కొత్త సంగతి కాదు. గెర్బర్ పరీక్షలో ముందు 10 మి.లీ. ఆమ్లం, తరువాత 10.75 మి.లీ. పాలు, ఆఖరున 1 మి.లీ. అమైల్ ఆల్కహాల్ పోస్తాము. వరుస తప్పితే పరీక్ష చెడుతుంది. పాలు విరిగినా ముందు గేదెను తప్పు పట్టము. క్యాను కడిగారా, ఎంతసేపు ఎండలో వుంది అని చూస్తాము. ఇక్కడ కూడా అంతే.

1. గోడ నుంచి పెట్టె దాకా. ప్లగ్గు పెట్టిన సాకెట్లో సెల్‌ఫోను చార్జరు పెట్టి కరెంటు వుందో లేదో చూడండి. వుంటే, యు.పి.ఎస్.ను పక్కన పెట్టి తీగను నేరుగా గోడ సాకెట్లో పెట్టండి. యు.పి.ఎస్. లోపలి బ్యాటరీ రెండు మూడేళ్ళలో అరిగిపోతుంది. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే, కరెంటు వున్నా కొన్ని యు.పి.ఎస్.లు ఆన్ కావు. తరువాత మానిటరు తీగను సి.పి.యు. పెట్టెకు మార్చి చూడండి. సాధారణంగా రెండింటి తీగా ఒకటే రకం. పెట్టె వెనుక చిన్న స్విచ్చి ఆఫ్‌లో వుందేమో చూడండి. పాత పెట్టెలలో కొన్నింటికి 115, 230 అని రాసిన ఎర్ర మీట కూడా వుంటుంది. మన దేశంలో అది ఎప్పుడూ 230 మీదనే వుండాలి. 115కు జరిపి ప్లగ్గు పెడితే లోపలి సరఫరా డబ్బా కాలిపోతుంది.

2. ఫ్యాను తిరుగుతూ తెర మాత్రం నల్లగా వుంటే. ముందు మానిటరు స్విచ్చి, దాని వెనుక తీగ బిగువు చూడండి. తరువాత కాటా, పాల పరీక్ష యంత్రం, ప్రింటరు, పెన్ డ్రైవు అన్నీ ఊడదీసి, కీబోర్డు, మానిటరు మాత్రం వుంచి ఆన్ చెయ్యండి. ఇప్పుడు ఆన్ అయితే తీసినవాటిని ఒక్కొక్కటిగా తిరిగి తగిలించండి. ఏది తగిలించినప్పుడు ఆగిపోతుందో దోషం అక్కడే వుంది.

3. అయినా కాకపోతే. ప్లగ్గు తీసివేసి, ఆన్ చేసే బొత్తాన్ని అర నిమిషం నొక్కి పట్టుకోండి. లోపల నిలిచిన కరెంటు పోతుంది. మళ్ళీ ప్లగ్గు పెట్టి చూడండి.

4. పెట్టె తెరిస్తే. ప్లగ్గు తీశాకనే తెరవాలి. ముందు పెట్టె ఇనుప భాగాన్ని చేతితో తాకాలి, ఒంటిలోని స్థిర విద్యుత్తు దిగిపోతుంది. మెత్తని కుంచెతో దుమ్ము దులపండి. సంఘం గదిలో దాణా పొడి, తేమ రెండూ వుంటాయి కనుక దుమ్ము గట్టిగా పట్టి వుంటుంది. ర్యామ్ పలకను తీసి, దాని అంచున మెరిసే గీతలను పిల్లలు వాడే పెన్సిలు రబ్బరుతో తేలికగా రుద్ది, రెండు వైపుల కొక్కేలు పడేదాకా నొక్కి పెట్టండి. ఆన్ చేసినప్పుడు బీప్ మోతలు వస్తే ఎన్ని పొడుగు, ఎన్ని పొట్టి అని రాసుకోండి. వాటి అర్థం తయారీదారును బట్టి మారుతుంది, బాగుచేసేవారికి ఆ కాగితం చాలా ఉపయోగం.

5. తేదీ తప్పు చూపిస్తే. లోపల రూపాయి బిళ్ళ వంటి బ్యాటరీ వుంటుంది. చాలా పెట్టెలలో దాని పేరు సి.ఆర్. 2032. అంటే 20 మి.మీ. వెడల్పు, 3.2 మి.మీ. మందం, బలం 3 వోల్టులు. అది అరిగితే యంత్రం తేదీ మరిచిపోతుంది, కొన్ని పెట్టెలు మధ్యలో ఆగి ఒక మీట నొక్కమంటాయి. దీన్ని చిన్నదని వదలరాదు. తేదీ సరిచెయ్యకుండా పాలు తీసుకుంటే చీటీలన్నీ తప్పుడు తేదీలో చేరతాయి. బిల్లులో ఒక పూట పాలు కనపడకుండా పోవచ్చు.

6. డిస్కు దొరకలేదని తెర మీద వస్తే. పెన్ డ్రైవు మరిచిపోయి వుంచారేమో చూడండి. లేకపోతే ఆఫ్ చేసి, ప్లగ్గు తీసి, డిస్కు తీగలు రెండు కొనలా నొక్కి పెట్టండి. డిస్కు నుంచి టక్ టక్ అని శబ్దం వస్తే వెంటనే ఆపండి. మళ్ళీ మళ్ళీ ఆన్ చేసిన కొద్దీ లెక్క తిరిగి వచ్చే అవకాశం తగ్గుతుంది.

ఇక్కడితో ఆగాలి. కరెంటు సరఫరా చేసే ఇనుప డబ్బాను ఎవరూ విప్పరాదు. ప్లగ్గు తీసిన తరువాత కూడా అందులో ప్రాణాపాయమైన విద్యుత్తు నిలిచి వుంటుంది. కాలిన వాసన వచ్చినా, లోపలి పలక మీద చిన్న గొట్టాల వంటి కెపాసిటర్లు తల ఉబ్బి కనిపించినా నిపుణునికే చూపించాలి.

డిస్కు చెరిపితే నష్టం ఎవరికి?

కొన్నేళ్ళ క్రిందట ఒక సంఘం తనిఖీలో మా దృష్టికి వచ్చిన సంగతి చెబుతాము. కంప్యూటరు ఆన్ కాక కార్యదర్శి దానిని పట్నంలో ఒక దుకాణంలో ఇచ్చారు. సరఫరా డబ్బా మార్చడంతో పెట్టె బాగయింది. అయితే దుకాణం వారు ఎవరినీ అడగకుండా డిస్కు చెరిపి కొత్త విండోస్ ఎక్కించారు. ఆ పక్షం లెక్క అంతా పోయింది. సంఘం పంపిన మొత్తం లీటర్లు శీతలీకరణ కేంద్రం రసీదులలో వున్నాయి. వాటిలో ఎవరివి ఎన్ని అన్నది మాత్రం లేదు. చీటీలు దాచుకున్న సభ్యులకు పైసాతో సహా బిల్లు వచ్చింది. లేని వారికి అంతకు ముందు పక్షం సగటు కట్టారు. వారిలో ఒకామె గేదె ఆ పక్షంలోనే ఈనింది. ముందటి పక్షంలో ఆమె పోసినది వట్టిపోతున్న మరొక గేదె పాలు మాత్రమే. సగటు లెక్కలో ఆమెకు న్యాయం జరగలేదు. చెడినది సరఫరా డబ్బా, నష్టపోయినది ఆమె.

అమీర్‌పేటకు తీసుకుపోయే ముందు

మహాత్మా గాంధీ బస్ స్టేషనులో దిగినవారికి మియాపూరు వైపు మెట్రోలో ముందు పంజాగుట్ట, ఆ వెంటనే అమీర్‌పేట వస్తాయి. సికింద్రాబాదులో దిగేవారికి పార్కులేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు దగ్గర. ఎక్కడికి పోయినా ఈ జాగ్రత్తలు ఒకటే.

చెడినది డిస్కు కాకపోతే, డిస్కును విప్పించి కార్యదర్శి దగ్గరే వుంచుకోవాలి. డిస్కు ఇవ్వక తప్పకపోతే ముందు లెక్క వేరే దానిలోకి ఎక్కించి, ఆ తరువాతే మరమ్మతు చెయ్యాలని చెప్పాలి. దుకాణం రసీదు మీద "డిస్కు చెరపరాదు" అని రాయించి సంతకం తీసుకోవాలి. డిస్కు, ర్యామ్ మీది నంబర్లు ముందే రాసుకోవాలి. మార్చిన పాత భాగం తిరిగి అడగాలి. బిల్లు సంఘం పేరున వుండాలి. ఖర్చుకు పాలకవర్గం తీర్మానం, వస్తువుకు స్టాకు రిజిస్టరులో పద్దు వుండాలి.

యంత్రం మరీ పాతదైతే మార్చడం గురించి పాలకవర్గం ఆలోచించవచ్చు. విండోస్ 7కు 2020 జనవరి 14తో, విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. ఇంటర్నెట్టుకు కలిపి వాడే సంఘాలు దీనిని గమనించాలి. అయితే కొత్తది కొనేముందు పాతదానిలోని లెక్క బయటికి తీయడం మొదటి పని.

ప్రతి సంఘం చేయవలసినది

రోజూ సాయంత్రం పూట పాలు ముగిశాక లెక్కను పెన్ డ్రైవులోకి ఎక్కించాలి. రెండు పెన్ డ్రైవులు వుంచి, ఒకటి సంఘంలో, ఒకటి అధ్యక్షుల ఇంట్లో పెట్టాలి. అదే పెట్టెలో ఇంకొక చోట దాచినది నకలు కిందికి రాదు. యంత్రం ఆగిన పూట పాలు ఆపనక్కరలేదు. సభ్యుని నంబరు, లీటర్లు, వెన్న, ఎస్.ఎన్.ఎఫ్. చేతితో రిజిస్టరులో రాసి, సంతకం చేసిన చీటీ ఇవ్వాలి. సభ్యులు బిల్లు చేతికి వచ్చేదాకా చీటీలు దాచుకోవాలి. పాలు పోసినవారికి లెక్క అడిగే హక్కు వుంది. ఆ హక్కుకు ఆధారం ఆ చీటీయే.

అభ్యాసం (వచ్చే సంఘ సమావేశంలో చదివి చర్చించగలరు)

1. మన కంప్యూటరు లెక్కకు ఆఖరుసారి నకలు తీసినది ఏ తేదీన? ఆ నకలు ఇప్పుడు ఎవరి దగ్గర వుంది?
2. రేపు ఉదయం యంత్రం ఆన్ కాకపోతే చేతితో రాయడానికి రిజిస్టరు, చీటీల పుస్తకం సిద్ధంగా వున్నాయా?
3. యు.పి.ఎస్. బ్యాటరీ, లోపలి బిళ్ళ బ్యాటరీ ఎప్పుడు మార్చారు? తేదీ ఎక్కడ రాసి వుంది?
4. ఈ పక్షం చీటీలన్నీ మీ ఇంట్లో వున్నాయా? ఇంటికి పోగానే లెక్కపెట్టి చూడండి.