ఫైలు వ్యవస్థల గుర్తింపు

గ్రంథాలయంలో వేల పుస్తకాలున్నా వాటి పట్టిక లేకపోతే కోరిన పుస్తకం దొరకదు. హార్డ్‌డిస్కు, పెన్‌డ్రైవు, మెమరీ కార్డు వంటి నిల్వ సాధనాల స్థితి కూడా ఇటువంటిదే. ఇవి వరుస సంఖ్యలు గల చిన్నచిన్న గళ్ళ సముదాయాలు. ఆ గళ్ళను సెక్టార్లు అంటారు. ఏ ఫైలు ఏ సెక్టారులో మొదలవుతుందో, దాని పేరు, పరిమాణం ఏమిటో తెలిపే అమరికకే ఫైలు వ్యవస్థ అని పేరు. ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్, ఎన్.టి.ఎఫ్.ఎస్., ఇ.ఎక్స్.టి.4 మొదలైనవి వీటిలో ప్రసిద్ధమైనవి.

ఒక పద్ధతిలో వ్రాసిన దానిని మరొక పద్ధతిలో చదివితే అర్థం కాదు. ఆ పొరపాటు పద్ధతిలోనే కొత్త సమాచారం వ్రాస్తే ఉన్నది కూడా నశిస్తుంది. కాబట్టి ఏ ఫైలునైనా తెరవడానికి ముందే ఆపరేటింగ్ సిస్టమ్ ఫైలు వ్యవస్థను గుర్తించి తీరాలి.

మొదటి ఆధారం విభాగాల పట్టిక. పాత పద్ధతిలో ఇది 512 బైట్ల మొదటి సెక్టారులో ఉంటుంది. ఇందులో నాలుగు విభాగాల వివరాలు ఉంటాయి. ఒక్కొక్క వివరానికి 16 బైట్లు; వాటిలో ఒక బైటు విభాగం రకాన్ని తెలుపుతుంది. అయితే ఇది సూచన మాత్రమే. 07 అనే సంఖ్య ఎన్.టి.ఎఫ్.ఎస్.కూ, ఎక్స్‌ఫ్యాట్‌కూ సమానమే. ఇంటి ముందరి పేరుపలకను చూచినంత మాత్రాన లోపల ఎవరున్నారో నిశ్చయించలేము కదా!

అందువలన ఆపరేటింగ్ సిస్టమ్ విభాగంలోనికే తొంగిచూస్తుంది. ప్రతి ఫైలు వ్యవస్థా నిర్ణీత స్థానంలో తన ముద్రను ఉంచుతుంది. మొదటి మూడు బైట్ల తరువాత ‘ఎన్.టి.ఎఫ్.ఎస్.’ అనే అక్షరాలుంటే ఆ వ్యవస్థ అదే. ఇ.ఎక్స్.టి.4 ముద్ర 1080 బైట్ల తరువాత రెండు బైట్లలో ఉంటుంది. సి.డి.లలో 32,769 బైట్ల తరువాత ‘సి.డి.001’ అని కనిపిస్తుంది. లినక్స్‌లోని బి.ఎల్.కె.ఐ.డి. అనే ప్రోగ్రాము ఇటువంటి ముద్రలనే వెదకుతుంది. విండోస్ తనకు తెలిసిన ఫైలు వ్యవస్థల డ్రైవర్లను ఒకదాని తరువాత ఒకటిగా అడుగుతుంది.

ఫ్యాట్ కుటుంబం దీనికి కొంత భిన్నం. అందులో వ్రాసి ఉన్న పేరును ప్రమాణంగా తీసుకోరాదు. సెక్టార్ల గుంపులైన క్లస్టర్ల సంఖ్యే ప్రమాణం. అవి 4,085కు తక్కువైతే ఫ్యాట్12, 65,525కు తక్కువైతే ఫ్యాట్16, ఆపైన ఫ్యాట్32.

ఏ ముద్రా దొరకనప్పుడు విండోస్ ఆ సాధనాన్ని ఫార్మాట్ చేయమని అడుగుతుంది. ఇక్కడే చాలామంది నష్టపోతారు. డిస్కు ఖాళీ అని దాని అర్థం కాదు. తనకు చదవడం రాలేదని మాత్రమే అర్థం. అది లినక్స్‌లో తయారైన డిస్కు కావచ్చు, లేదా ముద్ర ఉన్న సెక్టారు ఒక్కటే చెడి ఉండవచ్చు. ఎన్.టి.ఎఫ్.ఎస్. తన మొదటి సెక్టారు ప్రతిని విభాగం చివర భద్రపరుస్తుంది. ఇ.ఎక్స్.టి.4 కూడా ముఖ్య వివరాలకు అదనపు ప్రతులు ఉంచుకుంటుంది. తొందరపడి ఫార్మాట్ చేస్తే కొత్త పట్టిక పాతదానిని చెరిపివేస్తుంది, పునరుద్ధరణ కష్టమవుతుంది. తనకు చదవరానిదంతా శూన్యమని భావించక, నిదానించి పరిశీలించడమే వివేకం.

కఠిన పదాలు - అర్థాలు
సముదాయం = సమూహం
నిర్ణీతం = ముందుగా నిశ్చయించబడినది
పునరుద్ధరణ = తిరిగి పూర్వస్థితికి తేవడం

ప్రశ్నలు
1. విభాగాల పట్టికలోని సంఖ్య సూచన మాత్రమే అనడానికి కారణమేమి?
2. ఫ్యాట్ రకాన్ని నిర్ణయించే విధానాన్ని వివరించండి.
3. ‘చదవరానిది శూన్యం కాదు’ – సమర్థించండి.