విమానపు ముక్కునుండి చూచుట

విద్యార్థులారా, రేడియోచే నడచు చిన్న విమానపు ముక్కున కెమేరా నమర్చి, అది పంపు దృశ్యమును కండ్లజోడులో చూచుచు నడుపు విద్యను ఎఫ్.పి.వి. యందురు. నేలపై నిలిచినవానికి తాను విమానములోనే కూర్చున్నట్లు తోచును.

అయినను మొదటి దినముననే జోడు ధరింపరాదు. ముందు వట్టి కంటితో నడుప నేర్వవలెను. విమానము మనవైపు తిరిగి వచ్చునపుడు కుడియెడమలు తారుమారగును. ఆ తికమక తీరుటకు చాల దినములు పట్టును. జోడులో ఆ చిక్కు లేదు. కాని ప్రక్కనుండి వచ్చు గ్రద్ద కానరాదు, క్రింద గొఱ్ఱెలు తోలుకొనిపోవు కాపరియు కానరాడు. దృశ్యము హఠాత్తుగా తెగినచో, కంటితో నడుప నేర్చినవాడే జోడు తీసి విమానమును క్షేమముగా దింపగలడు. అందుకై అది దూరము పోరాదు. 2021 నాటి డ్రోను నియమములును మోడలు విమానమును కనుచూపు మేరలో నెగురునదిగానే నిర్వచించినవి. ఆకాశమును కనిపెట్టి చెప్పుటకు తోడొకడు ప్రక్కన నిలువవలెను.

మన సీమలో వేసవి మధ్యాహ్నపు సుడిగాలి తేలిక రెక్కను పల్టీ కొట్టించును, ఉదయమే మేలు. దృశ్యమును మోయు 5.8 గిగాహెర్ట్‌జుల తరంగములు కొండచాటునకు చేరవు. కర్నూలువారు ఓర్వకల్లు దిక్కునకు పోవలదు. అచట 2021 మార్చిలో విమానాశ్రయము ప్రారంభమైనది. కర్నూలు పరీక్షాక్షేత్రముననే 2025 ఏప్రిల్ 13న రక్షణ పరిశోధన సంస్థవారు లేజరు కిరణముతో రెక్కల డ్రోను నొకదానిని కూల్చి చూపిరి. మన బొమ్మ విమానమున కంతటి గౌరవ మక్కఱలేదు! కడపవారికిని విమానాశ్రయ మున్నది గదా. కావున బయలుదేరకమునుపే ప్రభుత్వపు పటములో పచ్చని ప్రాంతమేదో చూచుకొని, అందును 400 అడుగులకు మించక యెగురవేయవలెను.