కూలి, మేస్త్రీ, గుత్తేదారు : ప్రజానిర్మాణాలలో మన స్థానం

పల్నాడు అనగానే మనవారు బ్రహ్మనాయుని, నాగమ్మను, కారెంపూడి రణరంగాన్ని తలచుకొంటారు. అది మన సీమకు గర్వకారణమే. కాని పల్నాడు వీరసీమ మాత్రమే కాదు, రాతిసీమ కూడ. మాచర్ల, దాచేపల్లి ప్రాంతాల నాపరాయి, పిడుగురాళ్ళ సున్నం, మాచర్ల సిమెంటు ఈ చుట్టుపట్ల ఎన్నో ఇళ్ళకు నేలగాను, గోడగాను నిలిచినవి. రాతిని పగులగొట్టి, మోసి, పేర్చి బ్రతికే కుటుంబాలు మన ఊళ్ళలో అనేకం. ఈ కళాశాల విద్యార్థులలో తాపీపనివారి బిడ్డలు ఉన్నారు. కావున పెద్ద ప్రభుత్వ నిర్మాణాలలో మైనారిటీలకు, స్త్రీలకు ఎట్టి స్థానం ఉన్నది, ఎట్టిది ఉండవలెను అనే విచారణ మనకు కేవలం పుస్తక విషయం కాదు, ఇంటి విషయం.

మూడు మాటలు

తెలుగు బోధించేవాడిని గనుక మాటలతో ప్రారంభిస్తాను. కట్టుబడి జరిగే చోట మూడు మాటలు తరచుగా వినవస్తాయి. మొదటిది 'కూలి'. ఇది అచ్చమైన ద్రావిడ పదం. రెండవది 'మేస్త్రీ'. ఇది పోర్చుగీసుల 'మెస్త్రె' నుండి వచ్చి మన నోట స్థిరపడినది. మూడవది 'గుత్తేదారు'. ఇందులో 'గుత్త' మనది. 'దారు' అనేది జమీందారు, తహసీల్దారు మొదలైన మాటలలో కనిపించే ఫారసీ ప్రత్యయం. ఉర్దూలో ఇతనినే ఠేకేదార్ అంటారు. రెండు భాషలు కలిసి కట్టిన ఈ మాట మన కళాశాలకు ఎంతో తగినది. కాని ఆ మాట సూచించే స్థానంలో మాత్రం మన ఇళ్ళవారు అరుదుగా కనిపిస్తారు.

ఈ మూడింటి భేదం గమనింపదగినది. కూలివాడు దినానికి బాధ్యుడు. మేస్త్రీ పనితనానికి బాధ్యుడు. గుత్తేదారు మొత్తం పనికి బాధ్యుడు. పెట్టుబడి అతనిది, లాభనష్టాలు అతనివి. మొదటి మెట్టుకు శరీరబలం చాలును. రెండవ మెట్టుకు నేర్పు కావలెను. మూడవ మెట్టుకు ఇవి రెండూ ఉన్నా చాలవు; మూలధనం, కాగితం, పరిచయం అనే మూడు సాధనాలు తప్పనిసరి. సమస్య అంతా ఇక్కడనే ఉన్నది.

కొండ చెప్పిన సాక్ష్యం

స్త్రీలకు కట్టుబడి పనుల నాయకత్వం పరాయిది అని వాదించేవారు నాగార్జునకొండ శాసనాలు చదువవలెను. క్రీస్తు శకం 3వ శతాబ్దిలో, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని కాలంలో, అక్కడి మహాచైత్య నిర్మాణానికి పూనుకొన్నది అతని మేనత్త చాంతిసిరి. బోధిసిరి అనే ఉపాసిక చైత్యగృహంతో పాటు మరెన్నో కట్టడాలు చేయించి, వాటి పట్టికను శాసనంగా చెక్కించినది. ఆ శాసనంలోనే పనిని పర్యవేక్షించిన భిక్షువుల పేర్లతో పాటు విధికుడు అనే రాతిపనివాని పేరు కూడ ఉన్నది.

వీరు రాజకుటుంబాలకు, సంపన్న గృహాలకు చెందిన స్త్రీలు. సామాన్య స్త్రీలు కారు. అందుచేతనే ఈ సాక్ష్యం మరింత విలువైనది. ధనం చేతిలో ఉన్న స్త్రీకి ఆ కాలంలోనే కట్టించే అధికారం దక్కినది. స్త్రీని ఆపినది స్త్రీత్వం కాదని, చేతిలో ధనం లేకపోవటమని దీనివల్ల తేలుతున్నది.

సాగరు చెప్పిన సాక్ష్యం

ఆ కొండ చుట్టూ నేడు నీరు నిలిచియున్నది. 1955 డిసెంబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. సిమెంటు, ఉక్కు, యంత్రాలు కొరతగా ఉన్న కాలం అది. మనుషులకు కొరత లేదు. అందుచేత కాంక్రీటుకు బదులు రాతికట్టుబడినే ఎన్నుకొన్నారు. సుమారు 4,756 అడుగుల పొడవున, 409 అడుగుల ఎత్తున ఆ రాతి ఆనకట్ట మనుషుల చేతుల మీదుగా లేచినది. నెత్తిన రాళ్ళు, సున్నం తట్టలు మోస్తూ పరంజాల మీద బారులు తీరిన స్త్రీ పురుషుల ఛాయాచిత్రాలు ఇప్పటికీ చూడవచ్చును. ఆ ప్రాజెక్టు చీఫ్ ఇంజనీర్లలో మీర్ జాఫర్ అలీ ఒకరు. అనగా పై మెట్టున చదువుకొన్న ముస్లిము ఇంజనీరు, క్రింది మెట్టున బీదవారైన స్త్రీ పురుషులు. విద్య ఒకరిని పైకి చేర్చినది, దారిద్ర్యం మరియొకరిని క్రింద నిలిపినది. నడుమ ఉన్న గుత్తేదారు మెట్టుకు మాత్రం కేవల విద్యగాని, కేవల శ్రమగాని చాలలేదు.

ఇక్కడ మరొక విషయం చెప్పవలెను. 2007లో ఆంధ్రప్రదేశ్ చట్టం ద్వారా ముస్లిములలో వెనుకబడిన వర్గాలను బి.సి. 'ఇ' తరగతిగా గుర్తించారు. ఆ జాబితాలో 'రోళ్ళకు కక్కు కొట్టేవారు', 'పత్తర్ ఫోడులు' అనే పేర్లు కలవు. రాతి మీద ఉలి నడిపే నేర్పు కలవారు అని ప్రభుత్వ పత్రమే వారిని పేర్కొన్నది. అయితే ఆ నేర్పు వారి వెనుకబాటుతనానికి గుర్తుగా జాబితాలోకి ఎక్కినది! రాతితో ప్రపంచ ప్రసిద్ధమైన ఆనకట్ట కట్టిన సీమలో రాతిపని నేర్పు ఒక వర్గానికి ఆస్తి కాలేక లేమిగా మిగిలిపోవటం ఎందుచేత? విద్యార్థులు ఆలోచింపవలసిన ప్రశ్న ఇది.

మూడు అడ్డుగోడలు

మొదటి అడ్డుగోడ అనుభవం. పెద్ద పనికి టెండరు వేయవలెనంటే అటువంటి పనిని గతంలో చేసినట్లు ధ్రువపత్రం చూపవలెను. పని చేయనిదే అనుభవం రాదు; అనుభవం లేనిదే పని రాదు. ఇరవై ఏండ్లు మరొకరి క్రింద వంతెనలు కట్టిన మేస్త్రీకి ఆ వంతెనలలో ఒక్కటీ కాగితం మీద తనది కాదు.

రెండవది పని పరిమాణం. అనేక చిన్న పనులను ఒకే మూటగా కట్టి కోట్ల విలువతో టెండరు పిలిచినప్పుడు చిన్నవాడు వాకిలి దగ్గరనే ఆగిపోతాడు.

మూడవది ధనం. ధరావతు, బ్యాంకు హామీ ఒక యెత్తు. బిల్లు ఆలస్యం మరొక యెత్తు. ఒక లెక్క చూడండి. ఒక చిన్న గుత్తేదారు నెలకు పది లక్షల రూపాయల చొప్పున ఆరు నెలలు ఖర్చు పెట్టినాడనుకొందాం. బిల్లు ఆరవ నెలాఖరున వచ్చినది. పెట్టుబడిని నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చినాడు. మొదటి నెల సొమ్ముకు ఆరు నెలల వడ్డీ, రెండవ నెల సొమ్ముకు అయిదు నెలల వడ్డీ, ఈ విధంగా లెక్కిస్తే మొత్తం వడ్డీ 4,20,000 రూపాయలు. అరవై లక్షల ఖర్చు మీద నూటికి ఎనిమిది లాభం వచ్చినా 4,80,000 రూపాయలే. మిగిలినది 60,000, నెలకు పదివేలు. బిల్లు మరొక నెల ఆగితే వడ్డీ మరి 1,20,000 పెరుగును. లాభం పోయి నష్టం చేతికి వచ్చును. బ్యాంకులో పరపతి గల పెద్ద సంస్థకు ఈ ఆలస్యం చికాకు మాత్రమే. చిన్నవానికి అది ఇల్లు తాకట్టు.

చట్టాలు ఇచ్చినది, ఇవ్వనిది

కేంద్రప్రభుత్వం 2012లో చిన్న పరిశ్రమల నుండి ప్రభుత్వ కొనుగోళ్ళ విధానాన్ని ప్రకటించినది. 2018లో చేసిన సవరణ ననుసరించి కేంద్ర శాఖలు, సంస్థలు తమ కొనుగోళ్ళలో నూటికి 25 వంతులు సూక్ష్మ, చిన్న సంస్థల నుండి జరుపవలెను. అందులో 4 వంతులు షెడ్యూల్డు కులాలు, తెగలవారి సంస్థలకు, 3 వంతులు స్త్రీల సంస్థలకు. మైనారిటీలకు ప్రత్యేక భాగం లేదు. అంతకంటె ముఖ్యమైనది, ఈ విధానం వస్తువులకు, సేవలకు సంబంధించినది. కట్టుబడి పనుల గుత్తలు దీని పరిధిలోకి రావు. అనగా స్త్రీల సంస్థ కార్యాలయానికి కుర్చీలు అమ్మవచ్చును గాని, ఆ కార్యాలయ భవనం కట్టే పనిలో ఈ విధానం ఆమెకు తోడు రాదు.

మన రాష్ట్ర శాసనసభ 2019 జూలైలో ఒక అడుగు ముందుకు వేసినది. టెండరు లేకుండా నామినేషన్ పద్ధతిలో ఇచ్చే ప్రభుత్వ పనులలో సగం వెనుకబడిన తరగతులు, షెడ్యూల్డు కులాలు, తెగలు, మైనారిటీలకు కేటాయిస్తూ ఒక చట్టాన్ని, స్త్రీలకు సగం కేటాయిస్తూ మరొక చట్టాన్ని ఆమోదించినది. ఇది మెచ్చదగినది. అయితే నామినేషన్ పనులు స్వభావరీత్యా చిన్నవి. పెద్ద పనులు టెండరు మార్గంలోనే పోతాయి. పొరుగున కర్ణాటకలో 2025 మార్చిలో శాసనసభ రెండు కోట్ల రూపాయల లోపు పనులలో '2బి' తరగతికి, అనగా ముస్లిములకు, నూటికి నాలుగు వంతులు కేటాయించే బిల్లును ఆమోదించగా, గవర్నరు ఏప్రిల్‌లో దానిని రాష్ట్రపతి పరిశీలనకు పంపారు. మతం ఆధారంగా కేటాయింపు రాజ్యాంగ సమ్మతం కాదని ఒక పక్షం, సాంఘికంగా వెనుకబడినవారికి ఇస్తున్నామని మరొక పక్షం వాదిస్తున్నవి.

ఇట్టి వివాదం మనకు మాత్రమే ప్రత్యేకం కాదు. అమెరికాలో అట్లాంటా నగరానికి 1973లో మేయరుగా ఎన్నికైన మేనార్డ్ జాక్సన్, విమానాశ్రయ విస్తరణ పనులలో నాలుగవ వంతు మైనారిటీ సంస్థలకు దక్కవలెనని పట్టుబట్టారు. పెద్ద సంస్థలు చిన్న సంస్థలతో భాగస్వామ్యం కుదుర్చుకొని పని చేసినవి. 1980లో కొత్త టెర్మినల్ ప్రారంభమైనది. నాటినుండి ఆ దేశంలో ఈ విధానం ఒక తీర్పులో నిలిచి, మరొక తీర్పులో సడలుతూ వచ్చినది. 1989లో రిచ్‌మండ్ నగరం అమలుపరచిన 30 శాతం నియమాన్ని అక్కడి సుప్రీంకోర్టు కొట్టివేసినది. 2025 అక్టోబరులో కేంద్ర రవాణాశాఖ, జాతి, స్త్రీత్వం కారణంగానే ఒక సంస్థను వెనుకబడినదిగా భావించే పద్ధతిని తొలగించినది. చట్టం ఇచ్చిన వాటా చట్టంతోనే పోవచ్చును. ఆ వాటాతో సంపాదించిన అనుభవం, పరపతి మాత్రం నిలుస్తాయి. అట్లాంటా నేర్పే పాఠం ఇదే.

పేరు ఒకరిది, పెత్తనం మరొకరిది

మన లోపాలను కూడ దాచకుండా చెప్పుకొనవలెను. స్త్రీ పేరున లైసెన్సు తీసి, సంతకం చేయించి, పెత్తనం పురుషుడు చేయటం అందరికీ తెలిసినదే. పెద్ద గుత్తేదారు ఒక బీద ముస్లిము పేరున పని తీసుకొని, అతనికి కొద్దిపాటి సొమ్ము పడవేయటం కూడ జరుగవచ్చును. ఇట్టి బేనామీ వ్యవహారంలో పేరు ఇచ్చినవాడు తన అన్నను, తమ్ముని, చెల్లెలిని నష్టపరుస్తున్నాడు. కేటాయింపు మీద లోకానికి ఉన్న విశ్వాసం దీనితోనే సడలుతుంది.

కర్తవ్యం

ప్రభుత్వం చేయవలసినవి నాలుగు కనిపిస్తున్నవి. పనులను వీలైనంతవరకు చిన్న భాగాలుగా విడదీయటం. పెద్ద గుత్తేదారు ఇచ్చే ఉపగుత్తలలో మైనారిటీల, స్త్రీల భాగాన్ని ఒప్పందంలోనే వ్రాసి ప్రకటించటం. ఉపగుత్తగా చేసిన పనికి కూడ అనుభవ ధ్రువపత్రం ఇవ్వటం. చిన్నవారి బిల్లుకు గడువు నిర్ణయించి ఆ గడువును పాటించటం. మొదటి మూడు చేసి నాలుగవది విడిచిపెడితే, ఇందాకటి లెక్క ప్రకారం, వాటా ఇచ్చి అప్పులో ముంచినట్లే అగును.

మనం చేయవలసినది కూడ తక్కువ కాదు. కేరళలో వడకర ప్రాంతాన 1925లో కూలివారు ఊరాళుంగల్ కార్మిక గుత్త సహకార సంఘాన్ని స్థాపించుకొన్నారు. పని చేసేవారే యజమానులైన ఆ సంఘం నేడు జాతీయ రహదారి నిర్మించే స్థాయికి ఎదిగినది. మన రాష్ట్రంలోను 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కలదు. పొదుపు సంఘాలలో మన స్త్రీలు లక్షల రూపాయల లెక్క తప్పకుండా నడుపుతున్నారు. ఆ లెక్కల పుస్తకం పట్టిన చేతికి కొలతల పుస్తకం పట్టటం అసాధ్యం కాదు.

ఈ మాట ఇప్పుడే చెప్పటానికి కారణం ఉన్నది. 2022లో మన పల్నాడు ప్రత్యేక జిల్లా అయినది. నడికుడి – శ్రీకాళహస్తి రైలుమార్గం మన ఊళ్ళమీదుగా తలపెట్టినదే. పొరుగున అమరావతి రాజధాని పనులు 2025 మే 2న తిరిగి ప్రారంభమైనవి. ఈ పనులకు మన ఊళ్ళనుండి కూలివారు ఎటూ వెళ్తారు. వారితోపాటు గుత్తేదారులు కూడ వెళ్తారా అన్నదే ప్రశ్న.

విద్యార్థులారా! మీలో వాణిజ్యశాస్త్రం చదివేవారు టెండరు పత్రం చదవటం నేర్చుకొనండి. ఆ పత్రం ఇంగ్లీషులో ఉండును. దానిని మీ నాన్నగారికి, మేనమామకు తెలుగులోనో ఉర్దూలోనో విప్పి చెప్పండి. విద్యార్థినులారా! మీ పేరున ఎవరైనా లైసెన్సు తీస్తే, ముందుగా ఖాతా పుస్తకం మీ చేతికి ఇమ్మని అడగండి. కళాశాల కమిటీ పెద్దలకు నా మనవి ఒక్కటే: సాయంకాలాలలో, కొద్దివారాల పాటు, అంచనాలు, కొలతలు, లెక్కలు, పన్ను పత్రాలు నేర్పే తరగతి ఒకటి నడిపించండి. దానికి విద్యార్థులతో పాటు ఊరిలోని మేస్త్రీలను, పొదుపు సంఘాల స్త్రీలను కూడ పిలవండి. విధికుడు తన పేరును తాను చేసిన పనిమీద నిలుపుకొన్నాడు. పదిహేడు వందల ఏండ్ల తరువాత మన మేస్త్రీలకు, వారి ఆడబిడ్డలకు ఆ మాత్రం గౌరవం దక్కించటం మనవల్ల కాని పని కాదు.