ముడత లేని రెక్క

నిర్మల్ బొమ్మల కళాకారులు పొనికి కర్రను ఎన్నుకోవడానికి కారణం దాని తేలికదనం, మెత్తదనం. వారు బొమ్మ భాగాలను విడివిడిగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన లప్పంతో అతికి, ఎగుడుదిగుళ్ళను పూడ్చి, నునుపు చేసిన తరువాతనే రంగు వేస్తారు. అడుగు సరిగా లేనిచోట ఎంతటి మేలిరంగైనా లోపాన్ని దాచలేదని వారికి తెలుసు. నమూనా విమానాలను నిర్మించేవారికి కూడా ఇటువంటి తేలిక కర్రే కావాలి. అందుకు వారు దక్షిణ అమెరికా అడవులలో పెరిగే బాల్సాను వాడతారు. ఎన్.సి.సి. వైమానిక విభాగంలో చేరిన విద్యార్థులకు ఈ నిర్మాణం శిక్షణలో ఒక భాగం.

అయితే నమూనా విమానపు రెక్క నిర్మల్ బొమ్మవలె నిండుగా ఉండదు. పొడవునా ఒకటి రెండు సన్నని దూలాలు, వాటికి అడ్డంగా పక్కటెముకలవంటి పలుచని పలకలు, నడుమ అంతా ఖాళీ. ఆ ఖాళీపై పరచిన పొరయే గాలి ఒత్తిడిని అందుకుంటుంది. పొర బిగువుగా ఉన్నంతకాలం రెక్క మెలితిరగకుండా నిలుస్తుంది. అది వదులై ముడతలు పడితే గాలి ప్రవాహం చెదరడమేగాక రెక్కకు ఉండవలసిన గట్టిదనం కూడా తగ్గుతుంది. కనుక ముడతను తీయడం కేవలం అలంకారానికి సంబంధించిన పని కాదు. ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. తెలుగులో మడత వేరు, ముడత వేరు. మడత మనం కావాలని పెట్టేది, ముడత మన ప్రమేయం లేకుండా పడేది.

1903 డిసెంబరు 17న రైట్ సోదరులు ఎగిరిన విమానపు రెక్కలకు నూలుబట్టే తొడుగు. నేతదారాలు ఏటవాలుగా వచ్చేటట్లు వారు ఆ బట్టను అమర్చినందువల్ల అది చట్రానికి ఊతంగా కూడా పనిచేసింది. మొదటి ప్రపంచ యుద్ధకాలపు విమానాలకు నారబట్ట తొడిగి, డోప్ అనే లేపనం పూసేవారు. ఆరిన కొద్దీ అది బట్టను బిగించేది. నమూనా విమానాలకు పలుచని కాగితాన్నో పట్టునో ఇదే తీరున వాడేవారు. తరువాత పాలిఎస్టర్ పొర వచ్చింది. సిరిసిల్ల మరమగ్గాలపై నేసే పాలిఎస్టర్ బట్టకూ, దీనికీ మూలపదార్థం ఒక్కటే. అక్కడ దారం, ఇక్కడ పొర.

ఈ పొరను తయారీలోనే వేడిచేసి, నలువైపులా సాగదీసి, సాగిన స్థితిలోనే చల్లారుస్తారు. మళ్ళీ తగినంత వేడి తగిలినప్పుడు అది తన పూర్వరూపానికి పోజూచి కుంచించుకుంటుంది. ముడతలు పోయే రహస్యమంతా ఇదే. పొర అడుగుభాగాన ఉన్న జిగురు సుమారు 100 డిగ్రీల సెల్సియస్ వద్ద అంటుకుంటే, పొర బాగా కుంచించుకోవడానికి 150 డిగ్రీల వరకు కావలసి రావచ్చు. తయారీదారునిబట్టి ఈ అంకెలు మారుతాయి గనుక మిగిలిపోయిన ముక్కపై ముందుగా పరీక్షించి చూడాలి.

మొదట తక్కువ వేడితో చుట్టూ అంచులను గట్టిగా అతికించాలి. అంచు అంటుకోకముందే నడిమి భాగానికి ఎక్కువ వేడి తగిలిస్తే పొర అంచును లాక్కొని లోపలికి వస్తుంది. తొందరపడే విద్యార్థులు సాధారణంగా చేసే పొరపాటు ఇదే. అంచులు నిలిచిన తరువాత వేడి పెంచి, చిన్న ఇస్త్రీపెట్టెకు మెత్తని గుడ్డ తొడిగి, ఒకచోట ఆపకుండా పొరపై తేలికగా కదుపుతూ పోవాలి. ఆపితే రంధ్రం పడుతుంది. గాలి బయటకు పోయే దారి లేని గదులలో వేడికి గాలి వ్యాకోచించి పొర బూరెలా ఉబ్బుతుంది. అందుకే ముందుగానే పలకలలో చిన్న రంధ్రాలు ఉంచుతారు. పలకపై పూర్తిగా అంటిన పొరలో బుడగ వస్తే సూదితో గుచ్చి, గాలిని వెళ్ళగొట్టి, మెత్తని గుడ్డతో అదమాలి.

ముడత తీసే వేడికి రెక్కను వంచే శక్తి కూడా ఉంది. పైపొరను ఒక్కదానినే బిగిస్తే చట్రం అటువైపు లాగబడి మెలిపడుతుంది. ఎడమ రెక్క ఒక తీరుగా, కుడి రెక్క మరొక తీరుగా ఉన్న విమానం నేల విడిచిన క్షణంలోనే పక్కకు ఒరుగుతుంది. అనేక దినాల శ్రమ అక్కడితో ముక్కలవుతుంది. కాబట్టి పైభాగం కొంత, అడుగుభాగం కొంత, మార్చి మార్చి వేడిచేయాలి. ఇప్పటికే మెలిపడిన రెక్కను దానికి ఎదురుదిశలో చేతితో తిప్పిపట్టి, పొరను వేడిచేసి, పూర్తిగా చల్లారేవరకు వదలకుండా ఉంచితే చాలావరకు సరియవుతుంది. ఈ పనికి ఇద్దరు మనుషులుంటే మేలు.

కరీంనగర్, ఆదిలాబాదు ప్రాంతాలలో మరొక చిక్కు ఉంది. ఇక్కడి ఎండలు 45 డిగ్రీలకు చేరుతాయి. ఆదిలాబాదు చలికాలపు రాత్రులలో 10 డిగ్రీలకంటె దిగువకు పోతుంది. కర్ర వానకాలంలో తేమను పీల్చి నారకు అడ్డంగా ఉబ్బుతుంది, వేసవిలో ఎండి కుదించుకుపోతుంది. పాలిఎస్టర్ పొర తేమను అంతగా పట్టించుకోదు. శ్రావణంలో బిగువుగా తొడిగిన రెక్క వైశాఖంలో ముడతలు పడడానికి కారణం పనివాని అశ్రద్ధ కానక్కరలేదు. లోపలి చట్రం చిక్కిపోయింది, అంతే. అప్పుడు మరల వేడిచేయవచ్చు. కాని పొరకు కుంచించుకునే శక్తి అపారం కాదు. ఆ శక్తి తీరిపోయిన పొరను ఒలిచి, కొత్తది వేయవలసిందే.

ప్రతిసారీ వేడిచేసిన తరువాత రెక్కను చదునైన బల్లపై ఉంచి, వెనుకవైపునుండి ఒక కన్ను మూసి చూడాలి. వెనుకటి అంచు బల్లకు సమాంతరంగా, తిన్నగా కనబడినప్పుడే దానిని విమానానికి బిగించవచ్చు.