డేకేర్‌కు లైసెన్సు ఉందా?

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. రెండేళ్ల బాబును డేకేర్‌లో చేర్చినప్పటి నుంచి తరచూ విరేచనాలు. అక్కడ లైసెన్సు, శుభ్రత ఉన్నాయో లేవో తెలిసేదెలా?
– ఓ తల్లి

జవాబు: అమ్మా, ఈ వయసులో విరేచనాలు ఎక్కువగా మురికి చేతుల నుంచి, నీళ్ల నుంచి వస్తాయి. గోదావరికి ఎర్రనీరు వచ్చే రోజుల్లో కాచిన నీళ్లే మేలు. భోజనాల వేళ డేకేర్‌కు చెప్పకుండా వెళ్లండి. డైపర్ మార్చిన ఆయా సబ్బుతో చేతులు కడుక్కున్నాకే అన్నం కలుపుతోందా? మిమ్మల్ని లోపలికే రానివ్వకపోతే ఆ చోటు మాన్పించండి. గోడకు తగిలించిన కాగితం కన్నా ఇలా కళ్లారా చూసిందే నేను నమ్ముతాను. అయినా నగరపాలక సంస్థ ట్రేడ్ లైసెన్సు, వంట అక్కడే అయితే ఆహార భద్రత విభాగం ఇచ్చే 14 అంకెల నంబరు అడగండి. చూపకపోతే కార్పొరేషన్ ప్రజారోగ్య విభాగానికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి.

బాబుకు ఓఆర్‌ఎస్ పట్టండి. మలంలో రక్తం పడినా, మూత్రం తగ్గినా, మత్తుగా ఉన్నా ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.